వాటా లేని నామినీ

"షౌకీ గారు మీకేమవుతారు?"

ఆ ప్రశ్న నేను అడగడం అది మూడోసారి. తహానీ మూడోసారి కూడా నా ముందున్న గ్లాసు వైపే చూసింది.

"టీ చల్లారిపోతోంది మేడమ్, తాగండి."

తాగాను. బీమా కంపెనీలో నా ఉద్యోగం పేరు విచారణాధికారి. చేసే పని మాత్రం ఇదే. ఎవరింట్లోనో కూర్చుని, చల్లారిన టీ తాగుతూ, వాళ్ళు చెప్పని మాట కోసం కాచుకోవడం.

షౌకీ మా దుమ్యాత్ ఊళ్ళో మంచాలు చెక్కించే కార్ఖానా యజమాని. యాభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. పోయిన బుధవారం సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయాక, కార్ఖానాలోని తన అటక మీద నుంచి కిందపడి చనిపోయాడు. ఆ అటక అంచుకి నడుమెత్తు కర్ర కటకటాలున్నాయి, ఒక్క పుల్ల కూడా విరగలేదు. జారిపడలేదు, ఎవరో ఎత్తి తోశారు అన్నారు పోలీసులు. పోలీసులతో నాకు ఏకాభిప్రాయం కుదరడం అరుదు, ఈసారి కుదిరింది.

ఆయన జీవిత బీమాలో నామినీ అన్నచోట మొదట 'చట్టప్రకారం వారసులు' అని ఉండేది. మా దగ్గర ఎక్కువమంది అలాగే రాయిస్తారు. ఎవరి వాటా ఎంతో దేవుడే తేల్చేశాడు, ఇక మనం తలలు బద్దలుకొట్టుకోవడం ఎందుకని. షౌకీకి ఉన్న వారసుడల్లా తమ్ముడు ఫిక్రీ ఒక్కడే. చనిపోవడానికి కొన్ని నెలల ముందు షౌకీ వచ్చి, ఆ మాట తీయించి, కుర్చీలకి గుడ్డ కుట్టి బతికే తహానీ అనే ఈ విధవరాలి పేరు రాయించాడు. సంబంధం ఏమిటంటే 'బంధువు' అని ఊరుకున్నాడు. ఆమెకీ ఆయనకీ ఏ పక్క నుంచీ చుట్టరికం లేదు.

"ఆ రోజు ఫారం నింపిన మా ఏజెంటుతో మాట్లాడాను," అన్నాను. "షౌకీ గారు అతన్ని ఒకే ఒక్క సంగతి అడిగారట. ఆస్తిలో వాటా లేని మనిషికి కూడా ఇది రాయొచ్చా అని. రాయొచ్చు అంటే, ఎంత సంబరపడ్డారో చెప్పాడు. మీకు వాటా ఇవ్వాలని ఆయనకెందుకుంది? మీకు వాటా ఎందుకు లేదు?"

ఆమె చేతిలో సూది ఆగింది. మళ్ళీ కదిలింది.

"నా కూతురి పెళ్ళయ్యాక రండి. అన్నీ చెప్తాను."

"ఎప్పుడు పెళ్ళి?"

"పండగ వెళ్ళాక."

"అప్పటికి మీరు జైల్లో ఉంటారమ్మా. పోలీసు మేజర్ రవూఫ్ మీకోసం కాయితాలు సిద్ధం చేసుకుంటున్నాడు."

"ఉంటే ఉంటాను. పెళ్ళయితే చాలు."

లోపలి గదిలోంచి ఆమె కూతురు రిహాబ్ భుజాన సంచి తగిలించుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఈ పిల్లకి నిశ్చయమైన వరుడు హాతిమ్, ఫిక్రీ కొడుకు. అంటే చనిపోయిన షౌకీకి తమ్ముడి కొడుకు.

"వెళ్ళొస్తానమ్మా."

"ఎక్కడికే?"

"పనుంది."

నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక కూడా తహానీ అటే చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిస్తే బయటపడే మనిషి నోరు కుట్టేసుకుని కూర్చుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. అయినా లేచి వచ్చేశాను, ఆమె చెప్పనిది కార్ఖానా ఏమైనా చెబుతుందేమోనని.

కార్ఖానా గుమ్మంలోనే రవూఫ్ ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా మీద ఒక్క రవ్వ రంపపు పొట్టు కూడా పడకుండా జాగ్రత్తగా నిలబడ్డాడు.

"రండి రండి, మేడమ్ గారూ. డబ్బు ఎలా ఎగ్గొడదామా అని వచ్చారా?"

"ఎవరికివ్వాలో తెలుసుకుందామని వచ్చాను పాషా. మీకు తెలిస్తే చెప్పండి, నాకు బండి ఖర్చులు మిగుల్తాయి." పోలీసు అధికారుల్ని మా ఊళ్ళో పాషా అనే పిలుస్తారు.

"తెలుసు. ఆవిడకి తప్ప ఎవరికైనా ఇచ్చుకోండి. చంపినవాళ్ళకి మీ కంపెనీ పైసా ఇవ్వదు కదా?"

"ఇవ్వదు. అప్పుడది వారసులకి పోతుంది."

"పోనివ్వండి, న్యాయమే కదా," అని జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఒక కాయితం తీసి నా ముఖం ముందు ఆడించాడు.

అది రహస్య పెళ్ళి కాయితం. కాజీ లేకుండా, ఎక్కడా నమోదు కాకుండా, ఇద్దరు సాక్షులతో గుట్టుగా రాసుకునే రకం. షౌకీ అనే నేను తహానీ అనే ఈమెను భార్యగా స్వీకరించాను అని ఉంది. తేదీ మూడేళ్ళ కిందటిది.

"సాక్షులేమంటున్నారు?"

"ఒకడు పోయాడు. ఇంకోడు లిబియాలో ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలీదు."

"మంచి సాక్షులు. ఎదురు మాట్లాడరు."

రవూఫ్ నవ్వలేదు. "కథ సులువు మేడమ్. దొంగ పెళ్ళి. డబ్బు తన పేర రాయించుకుంది. కూతురి పెళ్ళి దగ్గరపడుతోంది, నలుగురిలో భార్యనని చెప్పమంది. ఆయన కాదన్నాడు. తోసేసింది. ఆ సాయంత్రం మూతపెట్టిన పళ్ళెంతో ఆవిడ లోపలికి రావడం వీధంతా చూసింది."

"కాయితం ఎవరికి దొరికింది?"

"నాకండీ," అంది వెనకనుంచి ఒక గొంతు.

సగం చెక్కిన కుర్చీలో తస్బీ జపమాల పూసలు తిప్పుతూ ఫిక్రీ కూర్చుని ఉన్నాడు. అన్నకంటే పదేళ్ళ పైన చిన్నవాడు. ఇదే వీధిలో అతనికి సొంత కొట్టూ గోడౌనూ ఉన్నాయి. "ఆదివారం అన్న సామాన్లు సర్దుతుంటే అటక మీద బల్ల సొరుగులో కనిపించింది. చింపేద్దామనుకున్నాను మేడమ్. చచ్చినవాడి పరువు కదా. కానీ రక్తం ఊరుకోనివ్వదు."

"ఆదివారమా?" రవూఫ్ వైపు తిరిగాను. "గురువారం మీవాళ్ళు ఆ సొరుగు వెతకలేదా?"

"వెతికారు. అడుగున ఉంటే చూసుండరు," అన్నాడు చిరాగ్గా. "మా పని మాకు నేర్పొద్దు."

నిచ్చెనమెట్లు ఎక్కి అటక మీదికి వెళ్ళాను. రవూఫ్ ప్యాంటు ఎత్తిపట్టుకుని వెనకే ఎక్కాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, బల్ల, గోడకి ఉలుల వరస. ఒంటరి మనిషి కాపురం. సొరుగు లాగాను. కొలత టేపు, మందు బిళ్ళలు, కళ్ళజోడు, కరెంటు రసీదులు. కింద రోజంతా రంపాలు ఆడే చోటు అది. ప్రతి వస్తువు మీదా సన్నటి పొట్టు పేరుకుని ఉంది. రసీదు ఒకటి మడత విప్పితే మడతలోంచి కూడా పొట్టు రాలింది.

"మీ కాయితం ఒకసారి విప్పండి."

సంచిలోంచి తీయకుండానే విప్పి చూపించాడు. మడతల్లో ఏమీ లేదు. సంచి అడుగున కూడా ఏమీ రాలలేదు.

"మూడేళ్ళు ఈ సొరుగులో ఉంటే ఇంత శుభ్రంగా ఉంటుందా పాషా?"

"జేబులో పెట్టుకుని తిరిగుంటాడు. మొన్నే సొరుగులో వేసుంటాడు. పొట్టు చూసి హంతకుల్ని వదిలేయమంటారా?"

జవాబులో పస లేకపోలేదు. నేను నేల చూశాను. ఒక మూల పెద్ద చదరం మేర పొట్టు లేదు, చెక్క మెరుస్తోంది. "ఇక్కడేముండేది?"

కింద నుంచి ఫిక్రీ జవాబిచ్చాడు. "పిల్లల పెళ్ళి మంచం మేడమ్. విడి భాగాలుగా అక్కడే పెట్టాడు. అన్న తన చేత్తో చెక్కింది. మీరంతా తాళాలు వేసేస్తే పెళ్ళికి అందదని నా గోడౌన్‌కి చేర్చాను. కింద తేమ, అందుకని అక్కడ కూడా అటక మీదే బిగించి పెట్టించాను."

అతని ఫోన్ మోగింది. గొంతు మెత్తబడింది. "చెప్పు తల్లీ... ఏడవకు, ఏడవకు... ఫోన్లో ఎందుకులే, గోడౌన్‌కి వచ్చెయ్. నేనూ వస్తున్నా." ఫోన్ జేబులో పెట్టుకుని మా వైపు తల ఎత్తాడు. "కాబోయే కోడలు. ఏదో అడగాలంటోంది. రిహాబ్ తల్లి చేసిన దానికి రిహాబ్‌నేం అంటాం? పెళ్ళి ఆపనని మాటిచ్చాను."

వెళ్ళిపోయాడు. "మనిషంటే అలా ఉండాలి," అన్నాడు రవూఫ్ మెచ్చుకోలుగా. తర్వాత కటకటాల మీదుగా కిందికి వంగి కేకేశాడు. "బరకాత్ మామా, పైకి రా. ఈ మేడమ్‌కి నువ్వు చూసింది చెప్పు."

వార్నిష్ వేసే బరకాత్ చేతులు తుడుచుకుంటూ నిచ్చెన సగం ఎక్కి ఆగాడు. చెప్పడం ఇష్టం లేదని మొహమే చెబుతోంది.

"ఆమధ్య ఓ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక వచ్చానమ్మా, ఆవిడ ఇక్కడ కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నెత్తిన గుడ్డ లేదు. జుట్టు ముడి కూడా ఊడిపోయి ఉంది. షౌకీ పక్కన కూర్చుని ఏదో అంటే నవ్వుతోంది. నేను తల దించుకుని దిగిపోయాను."

"విన్నారా?" అన్నాడు రవూఫ్. "పరాయి మగాడి ముందు ఏ ఆడది నెత్తిన గుడ్డ తీస్తుంది? మీరు తీస్తారా?"

"తీయను. బరకాత్ మామా, అప్పుడు నీకు కార్ఖానా తలుపెవరు తీశారు?"

"ఎవరూ తీయలేదమ్మా. బార్లా తెరిచే ఉంది."

"ఆ ఒక్కసారేనా?"

అతను ఆలోచించాడు. "ఆవిడొస్తే తెరిచే ఉండేది. ఒక్కడే ఉంటే గొళ్ళెం పెట్టుకునేవాడు, పిల్లులొస్తాయని."

అతన్ని పంపేసి ఆ మంచం పట్టె మీద కూర్చున్నాను. పొట్టూ మడతలూ చెప్పలేనిది ఆ తలుపు చెప్పింది.

"పాషా, రహస్యంగా పెళ్ళి చేసుకున్నవాళ్ళు ముసుగు తీయాలంటే తలుపేసుకుంటారు. తలుపు తీసి ఉంటే ముసుగేసుకుంటారు. తలుపూ ముసుగూ రెండూ తీసి చేపలు బాగుచేసుకునేవాళ్ళెవరు?"

"సిగ్గులేనివాళ్ళు."

"దాచుకునేదేమీ లేనివాళ్ళు. ఆడది జుట్టు కప్పుకోనిది మొగుడి ముందొక్కటే కాదు కదా. మీ అక్క మీ ముందు కప్పుకుంటుందా?"

"మా అక్కా నేనూ ఒక తల్లి బిడ్డలం. వీళ్ళ తల్లులు వేరు, తండ్రులు వేరు. రికార్డులన్నీ చూశాను."

"పుట్టుక చూశారు. పాలు చూశారా?"

రవూఫ్ గిరుక్కున నా వైపు తిరిగాడు. అంతసేపట్లో మొదటిసారి అతని మోచెయ్యి బల్లకి తగిలింది. చొక్కా మీద అంటిన పొట్టు దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

మేమిద్దరం తహానీ ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి తహానీ కుట్టుపని పక్కన పెట్టి, నల్ల దుస్తులు వేసుకుని సిద్ధంగా కూర్చుంది. సంకెళ్ళ కోసమే వచ్చామనుకుంది.

"పదండి," అంది రవూఫ్‌తో.

"ముందు ఒక్కటి చెప్పండి," అన్నాను ఎదురుగా కూర్చుని. "షౌకీకి పాలిచ్చిందెవరు?"

ఆమె ముఖంలో రంగు పోయింది. రవూఫ్ అది చూశాడు. నేను నోరు విప్పి వాదించాల్సిన పని తప్పింది.

"మీకెవరు చెప్పారు?"

"తలుపు చెప్పింది. మిగతాది మీరు చెప్పండి."

ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు.

"మా అమ్మ. మేము అప్పుడు పక్కపక్క ఇళ్ళల్లో ఉండేవాళ్ళం. వాడు పుట్టగానే వాళ్ళమ్మకి విషజ్వరం వచ్చి ఆస్పత్రిలో పడింది. నేను వాడికంటే కాస్త పెద్దదాన్ని. మా అమ్మ ఒక పక్క నాకూ ఇంకో పక్క వాడికీ ఇచ్చేదట. తర్వాత మురుగ్గొట్టం దగ్గర రెండిళ్ళకీ గొడవై, మాటలు పోయాయి. వాళ్ళు వీధి మారిపోయారు. ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళమ్మ పోయేముందు షౌకీ ఒక్కడికే చెప్పింది. వాడొచ్చి ఈ గుమ్మంలో నిలబడి అక్కా అన్నాడు మేడమ్. నాకు తోడబుట్టినవాళ్ళెవరూ లేరు. మొగుడు పోయాక నన్ను అలా పిలిచినవాడు వాడొక్కడే."

మా ఇస్లాం ధర్మంలో ఒకే ఆడమనిషి పాలు తాగినవాళ్ళు తోబుట్టువులవుతారు. ఒకరినొకరు పెళ్ళాడకూడదు, ముసుగు అక్కర్లేదు, కష్టం వస్తే ఆసరా కావచ్చు. ఆస్తి పంపకం దగ్గర మాత్రం ఆ చుట్టరికానికి చిల్లిగవ్వ రాదు. అందుకే షౌకీ మా ఏజెంటుని ఆ ప్రశ్న అడిగాడు. చట్టం లెక్కలో లేని అక్కకి ఏదైనా మిగల్చడానికి అతనికి దొరికిన దారి అదొక్కటే. నేను ఎప్పుడూ చూడని ఆ మనిషి మీద నాకు ఆ క్షణాన గౌరవం కలిగింది.

"మరి ఇన్నాళ్ళూ నోరెందుకు విప్పలేదు?" అని రవూఫ్ కసిరాడు. "ఉరితాడు మెడమీదికొస్తుంటే?"

"అప్పటికే పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు పాషా. మామూలు మేనరికమైతే చెల్లుతుంది గానీ, పాలు కలిస్తే రెండిళ్ళ పిల్లలూ అన్నాచెల్లెళ్ళే అంటారు, అప్పుడు హాతిమ్ నా కూతురికి అన్న వరస అవుతాడు కదా. పెళ్ళి చెల్లదు కదా. అందుకే ఇద్దరం ఒట్టేసుకున్నాం, ఎవరికీ చెప్పకూడదని. పాపమైతే మా నెత్తిన పడనీ అనుకున్నాం."

నేను కళ్ళు మూసుకున్నాను. ఇంతమంది చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ చేసే పొరపాటే ఇది. ఈ ఇంట్లో మాత్రం దాని ఖరీదు చాలా ఎక్కువైంది.

"తహానీ అమ్మా, షౌకీ తాగాడు కాబట్టి షౌకీ మీకు తమ్ముడు. ఫిక్రీ తాగాడా?"

"లేదు. వాడు పుట్టేసరికి మాటలే లేవు."

"తాగినవాడికే ఆ చుట్టరికం. తాగని తమ్ముడికి రాదు, వాడి కొడుక్కి అసలే రాదు. హాతిమ్ మీ పిల్లకి ఏ వరసా కాడు. నిక్షేపంగా పెళ్ళి చేసుకోవచ్చు. మసీదులో ఏ షేక్‌ని అడిగినా ఒక్క మాటలో చెప్పేవాడు."

ఆమె రవూఫ్ వైపు చూసింది. అతను అవునన్నట్టు తల ఊపాడు, ఇష్టం లేకుండానే.

"అడిగితే కాదంటారేమోనని అడగలేదు," అంది. అన్నాక చేతుల్లో ముఖం పెట్టుకుంది.

రవూఫ్ గొంతు సవరించుకున్నాడు. "సాక్ష్యం కావాలి."

"మా పిన్ని ఉంది, రాసెల్‌బర్‌లో. ఇద్దర్నీ ఒకే ఉయ్యాల్లో వేసి ఊపింది."

అతను ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని ఇప్పుడు చూస్తున్న తీరు వేరు.

"అక్కని పెళ్ళాడాను అని షౌకీ సంతకం పెట్టడు," అన్నాడు నెమ్మదిగా. "ఎంత చెడిపోయినవాడైనా పెట్టడు."

"పెట్టడు. ఆ కాయితం రాసినవాడికి ఆమె అక్క అని తెలీదు. బరకాత్ మామ చూసిందే వాడూ చూశాడు, మీరనుకున్నదే వాడూ అనుకున్నాడు. ఇంకో సంగతి. శనివారం ఫిక్రీ మా ఆఫీసుకొచ్చాడు. వారసుడిని నేనే కదా, డబ్బెప్పుడిస్తారన్నాడు. నామినీ మారిందని నేనే చెప్పాను. ఎవరి పేరుందని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. అన్న మార్పించిన సంగతి అతనికి తెలీదు. ఆదివారం మీకు కాయితం దొరికింది, గురువారం మీవాళ్ళు వెతికిన సొరుగులో. ఆమె హంతకురాలైతే డబ్బు ఎవరికి పోతుందో ఇందాక మీరే న్యాయం అన్నారు."

రవూఫ్ చెవులు ఎర్రబడ్డాయి.

"బుధవారం సాయంత్రం అతనెక్కడున్నాడు?" అని అడిగాను.

"అడగలేదు," అన్నాడు. ఆ మాట ఒప్పుకోవడానికి అతనికి చాలా కష్టమైంది, అందుకని నేను ఇంకేమీ అనలేదు. ఆ కాయితాన్ని పనికిరాకుండా చేసే మాట ఇప్పుడు ఈ గదిలో మా ముగ్గురికే తెలుసు అనుకుని, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాను.

"పాల సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

తహానీ కళ్ళు తుడుచుకుంది. "రాత్రి రిహాబ్‌కి చెప్పాను. నన్ను తీసుకెళ్ళిపోతే ఇంకెవరు చెప్తారని. రాత్రంతా ఏడ్చింది. పెళ్ళి జరుగుతుందో లేదో కాబోయే మామగారినే అడుగుతానంది, నేను వద్దన్నాను. పొద్దున్న పనుందని వెళ్ళింది చూశారు కదా, ఇంకా రాలేదు."

'ఏదో అడగాలంటోంది' అన్న ఫిక్రీ మాట నాకూ రవూఫ్‌కీ ఒక్కసారే గుర్తొచ్చింది. అతను వైర్‌లెస్ అందుకుని గోడౌన్ వీధి పేరు చెబుతూ తలుపు దగ్గరికి నడిచాడు.

"పిల్లకి ఫోన్ చేయండి," అన్నాను. "ఉన్నపళంగా వచ్చేయమనండి. ఇంకేమీ అనొద్దు."

ఆమెకి అర్థమైంది. ఆమె ఫోన్ తీసిస్తే నేనే రిహాబ్ నంబరు నొక్కి, మా అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాను. చాలాసేపు మోగింది. ఎత్తాక ముందు రంపం చప్పుడు వినిపించింది, తర్వాత మగగొంతు.

"చెప్పు అక్కా," అన్నాడు ఫిక్రీ.

ఇన్నాళ్ళూ అతను ఆమెని రిహాబ్ తల్లీ అనే పిలిచేవాడు. తహానీ నా చెయ్యి పట్టుకుంది.

"నా కూతురేది?"

"ఇక్కడే ఉందిలే, నా పక్కనే. పాపం, ఏడ్చి ఏడ్చి కళ్ళు కనపడటం లేదు పిల్లకి. పెళ్ళి మంచం చూపిస్తే మనసు కుదుటపడుతుందని అటక మీదికి తీసుకెళ్తున్నాను."